బావ తరఫున చెప్పిన జవాబు

రుషికొండ,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన జాన్ బావకి,

మన ప్రభువు నామంలో వందనాలు. దేవుడి దయవల్ల నేనూ మన అమ్మాయి స్టెఫీ ఇక్కడ బాగున్నాం. నువ్వు కూడా అక్కడ వేళకి తిని, వేళకి పడుకుని బాగున్నావని నమ్ముతూ రాస్తున్నాను. బాగున్నానని ప్రతి ఉత్తరంలోనూ రాస్తావు గానీ ఏం తిన్నావో ఒక్కదాంట్లోనూ రాయవు. అందుకని సగమే నమ్ముతున్నాను.

ఈ కొత్త ఇంటికి నీ మొదటి ఉత్తరం బుధవారం అందింది. వాచ్‌మన్ దాన్ని గేటు దగ్గర పెట్టెలో వెయ్యకుండా చేత్తో పట్టుకుని లిఫ్టెక్కి పైకొచ్చాడు. ఈ టవర్లకి బ్యాంకువాళ్ళ కవర్లు తప్ప చేత్తో అడ్రసు రాసిన కవరు వచ్చి చాలా రోజులైందట. "అమ్మా, మీకు నిజం ఉత్తరమొచ్చినాది" అన్నాడు. పక్క ఫ్లాట్ హిమబిందు ఆ కవరుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆంటీ, అంకుల్‌కి వాట్సాప్ లేదా?" అంది. ఉందమ్మా, దాంట్లో ఆయన దగ్గర్నుంచి బొటనవేలు బొమ్మ తప్ప ఇంకేమీ రాదు అన్నాను. అబద్ధమా చెప్పు? స్టెఫీకి జ్వరం వచ్చిందని రాస్తే బొటనవేలు. తగ్గిందని రాస్తే మళ్ళీ బొటనవేలు. పోనీ ఫోన్ చేద్దామంటే నీకు వినబడదు. చెవిలో పెట్టుకునే మిషను కొనిస్తే అది ఈలలు వేస్తోందని అలమారలో పడేసి వెళ్ళావు. కాగితం మీద మాత్రం నీ చెయ్యి చక్కగా మాట్లాడుతుంది. అదొక్కటే మనకి మిగిలింది, దాన్నే వాడుకుందాం.

ఆ పిల్ల నీ ఉద్యోగం ఏమిటని కూడా అడిగింది. పోర్టులో టగ్గు ఇంజన్ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, ఊరుకోలేక ఇప్పుడు గుజరాత్ రేవులో వర్క్‌షాపుకి పోయి కుర్రాళ్ళకి ఇంజన్లు విప్పడం, బిగించడం నేర్పుతున్నారు అన్నాను. టగ్గంటే తెలియదంది. "కొండంత ఓడని సిన్న పడవ తాడు కట్టి రేవులోకి లాక్కొత్తాది సూడు, ఆ పడవ కడుపులో కూకుని ఇంజను సూసుకున్నోడు మా బావ" అని చెప్పాను. కళ్ళు పెద్దవి చేసి "వావ్" అంది. నీ పనికి ఒకరు వావ్ అనడం నేను వినడం ఇదే మొదలు. నీ వాటా నీకు అందాలి కదా, అందుకే రాశాను.

ఇక నువ్వడిగినవి. బీపీ మాత్రలు మానలేదు. గోపాలపట్నం ఇంట్లో అద్దెకున్నవాళ్ళు మన జామచెట్టుకి నీళ్ళు పోస్తున్నారు, కాయలు మాత్రం వాళ్ళే తింటున్నారు. ఆ హైవే హారన్లు, మార్కెట్టు మైకులు తన కంప్యూటర్ మీటింగుల్లోకి దూరిపోతున్నాయనే కదా స్టెఫీ ఇక్కడ ఇల్లు తీసుకుంది. ఇప్పుడు దాని మీటింగుల్లోకి దూరేది నేనొక్కదాన్నే.

"పిల్ల రోజల్లా ఇంట్లో కూర్చుంటే దాన్ని ఉద్యోగమని ఎవరంటారు" అని రాశావు. నాకూ మొదట్లో అలాగే ఉండేది. రోజూ పొద్దున్నే తలస్నానం చేసి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, చెప్పులు కూడా వేసుకుని, హాల్లో నిలబడి "అమా, ఆఫీసుకి ఎల్తన్నాను" అంటుంది. అని పక్క గదిలోకి వెళ్ళి అద్దం తలుపు మూసేస్తుంది. నవ్వకు. నేను అంతకంటే ఘనురాలిని. ఆఫీసుకి వెళ్తున్నానని వినేసరికి నా చేతులు ఊరుకోక క్యారేజీ కట్టేశాను. కింద గిన్నెలో అన్నం, మధ్యలో కూర, పైన చారు, నీకు కట్టినట్టే. ఇప్పుడు అదే అలవాటైపోయింది. వంటింటికీ దాని ఆఫీసుకీ మధ్య డైనింగ్ టేబుల్ ఒక్కటే అడ్డం, అయినా క్యారేజీ వెళ్తుంది, ఖాళీ క్యారేజీ సాయంత్రం తిరిగొస్తుంది.

దాని పని నాకర్థమైనంత వరకు ఇది. అమెరికా ఆసుపత్రుల నుంచి రోగుల కాగితాలు దీని కంప్యూటర్లోకి వస్తాయి. లోకంలో ఉన్న ప్రతి రోగానికీ ఒక నంబరు ఉందట. డాక్టరు రాసింది చదివి ఏ రోగానికి ఏ నంబరో అది వెయ్యాలి. మెట్ల మీంచి పడితే ఒక నంబరు, మంచం మీంచి పడితే ఇంకొకటి. నీ చెవుడుకి ఉందేటే అని అడిగాను. "ఉందమా, ఇంజన్ల సప్పుడికి పోయిన సెవులకి యేరే నంబరు" అంది. అమెరికాలో కూడా నీలాంటివాళ్ళు ఉన్నారన్నమాట. వాళ్ళ పెళ్ళాలు ఏ భాషలో అరుస్తారో మరి.

ఈ ఊరి సంగతి చెప్పమన్నావు. మనం పోర్టు క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు సముద్రం అంటే డ్యూటీ. ఇక్కడ సముద్రాన్ని వ్యూ అంటారు. ఒక్కొక్క గదికి ఎంత వ్యూ వచ్చిందో చెప్పుకుంటారు. అంత సముద్రం ఎదురుగా ఉంటే, దాని ఒడ్డున ఇంకో చెరువు కట్టుకుని అందులో ఈదుతారు. కింద ఒక కాఫీ కొట్టుంది. బెంగుళూరు, హైదరాబాదు కంపెనీల పిల్లలంతా చెవుల్లో దూదిపింజల్లాంటివి పెట్టుకుని, కంప్యూటర్లు తెరుచుకుని అక్కడ కూర్చుంటారు. ఎదురెదురుగా కూర్చుంటారు, ఎవరితో ఎవరూ మాట్లాడరు, గాల్లోకి మాట్లాడతారు. మొదటిసారి చూసినప్పుడు వీళ్ళకి ప్రార్థన చేయించాలేమో అనుకున్నాను. మంచి పిల్లలే. నేను తగరపువలస మార్కెట్టు నుంచి సంచులతో దిగితే పరిగెత్తుకొచ్చి అందుకుంటారు. లిఫ్టులో మాత్రం "బాల్కనీలో చేపలు ఎండబెట్టరాదు" అని బోర్డు పెట్టారు. అది నా ఒక్కదాని గురించే అని స్టెఫీ అంటుంది. నెత్తళ్ళు ఓ పళ్ళెం ఆరబెట్టాను, నిజమే. సముద్రం కావాలి గానీ సముద్రం వాసన పనికిరాదంటే ఎలా బావా?

ఇక్కడ బట్టలు ఆరేస్తే ఎలా ఆరేశానో అలాగే తెల్లగా తిరిగొస్తాయి. క్వార్టర్స్‌లో ఇనప ఖనిజం ధూళి పడి నా తెల్ల చీర సాయంత్రానికల్లా ఇటిక రంగుకి తిరిగేది. ఆ ధూళిని ఎంత తిట్టేదాన్నో నీకు తెలుసు, అప్పట్లో నీకు వినబడేది. ఇప్పుడు బట్టలు మడతపెడుతూ ఒక్కోసారి దులుపుతాను. ఏమీ రాలదు. ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది.

రేవులో చోటు కోసం దూరంగా ఆగిన ఓడలు మా బాల్కనీలోంచి కనిపిస్తాయి. మిగతావాళ్ళు వాటిని ఫోటోలు తీస్తారు. నేను చూసి, పాపం, వీటికి టగ్గు ఎప్పుడొస్తుందో అనుకుంటాను. క్యారేజీ పట్టుకుని నేను జెట్టీ మీద నిలబడే రోజులు గుర్తొస్తాయి. నూనె మరకల లాగూతో కిందినుంచి తల బయటికి పెట్టేవాడివి. ఆ ఇంజన్ల హోరులో మాటలు కుదిరేవి కావు. పొట్ట మీద చెయ్యి గుండ్రంగా తిప్పితే ఆకలి. చెంప కింద అరచెయ్యి పెడితే రాత్రి కూడా డ్యూటీ. అరచెయ్యి చాపి కిందికి నొక్కితే ఆగు, వస్తున్నాను. టగ్గు మాస్టరు సీతారామాంజనేయులుగారు పైనుంచి చూసి, "గోదావరి జిల్లాలో మా ఇంటిది ఉత్తరాలు రాస్తే కూడా నాకింత అర్థం కాదయ్యా" అని నవ్వేవారు. నేను సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేదాన్ని. చుట్టూ పదిమంది ఉన్నా ఆ సైగలు మనిద్దరివే. అంత సుఖంగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు బావా.

ఆ సైగలే ఇంట్లోకొచ్చాయి. స్టెఫీ కూడా అవే నేర్చుకుంది. ఇప్పుడు అది అద్దం తలుపు వెనక, చెవులు మూసేసే హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉంటే నేను బయటినుంచి పొట్ట మీద చెయ్యి తిప్పుతాను. అది హైదరాబాదువాళ్ళతో ఇంగ్లీషులో మాట్లాడుతూనే టేబుల్ కింద నుంచి అరచెయ్యి నొక్కుతుంది. మొన్న వాళ్ళ పెద్ద మేడమ్ కెమెరాలో నన్ను చూసి, మీ అమ్మగారు డాన్స్ టీచరా అని అడిగిందట. కాదు, టగ్గుబోటు అని చెప్పిందట నీ కూతురు.

హిమబిందు సంగతి ఒకటి చెప్తాను. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇంట్లోంచే పని. అతనో గదిలో, ఆ పిల్లో గదిలో, రెండు తలుపులూ మూసే ఉంటాయి. టీ తాగాలంటే ఈ గదిలోంచి ఆ గదికి ఫోన్లో మెసేజ్ పెట్టుకుంటారట. నేను వెళ్ళినప్పుడు కళ్ళారా చూశాను. ఆ పిల్ల ఫోన్ టిక్కుమంది, చదువుకుని ముసిముసిగా నవ్వింది, టీ పెట్టి తలుపు దగ్గర స్టూలు మీద ఉంచి వచ్చేసింది. ఇంటికొచ్చి ఇది స్టెఫీకి చెప్పి పడీపడీ నవ్వాను. "ఇదేటి కాపరమే, మధ్యన గోడెట్టుకుని?" అన్నాను.

స్టెఫీ తింటున్న ముద్ద ఆపి నా వైపు చూసింది. "నువ్వూ నాన్నా అంతే కదమా. మీ గోడ కూసింత లావు. గుజరాత్ దాకా ఉంది" అంది.

అది మామూలుగానే అంది. వెక్కిరించడానికి కాదు. నేనే ఆ పూట ఇంక తినలేకపోయాను.

సరే బావా. నీ ఉత్తరంలో చివరి మాటకి ఇంతసేపూ జవాబు రాయకుండా దాటేసుకుంటూ వచ్చాను. నువ్వు కనిపెట్టే ఉంటావు. "ఈ వారంలో మేనేజరు నీకు ఫోన్ చేస్తాడు, ఇంకో రెండేళ్ళు ఉంటానని చెప్పు" అని రాశావు. చేశాడు. గురువారం పొద్దున్న, స్టెఫీ మీటింగులో ఉండగా. నీ ఫోన్లన్నీ నాకే కదా వచ్చేది, పెన్షన్ ఆఫీసైనా, పాస్టరుగారైనా, నీ మేనేజరైనా. నీకు వినబడటం మానేసినప్పటి నుంచి నీ చెవులు నా దగ్గరే ఉన్నాయి. వాళ్ళ మాట నీకు చెప్పడం, నీ మాట వాళ్ళకి చెప్పడం, ఇదే నా ఉద్యోగం. స్టెఫీ కంటే ముందు నుంచి నేనూ ఇంట్లోంచే పని చేస్తున్నాను.

ఆయన హిందీలో నమస్తే చెప్పి, పైకి పేర్లు పంపాలమ్మా, జాన్ పాల్‌గారు ఇంకో రెండేళ్ళు ఉంటారా లేదా అని అడిగాడు. నీ ఉత్తరం డైనింగ్ టేబుల్ మీదే ఉంది. ఉంటారు అన్న మాట నాలుక మీదిదాకా వచ్చింది. అంతలో ఎందుకో అద్దం తలుపు మీద కొట్టాను. స్టెఫీ చూడకుండానే అరచెయ్యి చాపి కిందికి నొక్కింది. ఆగు, వస్తున్నాను అని. అటు ఫోన్లో ఆయన "హలో, హలో" అంటున్నాడు. అద్దానికి ఇవతల ఒక్కదాన్నే నిలబడి ఉన్నాను.

"ఉండరు సార్. ఆయన ఇంటికి వచ్చేస్తున్నారు" అన్నాను.

ఆయన ఆశ్చర్యపోయాడు. ఇంతకుముందు రెండుసార్లు అడిగినప్పుడు నేను ఉంటారనే చెప్పాను కదా. "అమ్మా, ఇది ఆయన మాటా, మీ మాటా?" అన్నాడు. ఆ మాట నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు బావా. ఆయన మాటే అని బొంకితే సరిపోయేది. నా నోటికి రాలేదు. "నా మాటే" అన్నాను. ఆ పెద్దమనిషి, నెలాఖరుదాకా పేరు అలాగే ఉంచుతాను, ఆయన్ని ఒకసారి నాతో వచ్చి చెప్పమనండి అన్నాడు.

స్టెఫీ బయటికొచ్చాక చెప్పాను. ఇంతెత్తున లేచింది. "ఏటమా నువ్వు! నాన్నని అడక్కుండా ఎలా సెప్పీసావు? నాన్నకి పనంటే పేణం. ఇప్పుడే ఫోన్ సెయ్, తప్పైపోనాదని సెప్పు."

"సెయ్యను" అన్నాను.

"నాన్న సిన్నబుచ్చుకుంటాడు."

"సిన్నబుచ్చుకోనీ. నా ఎదరగా కూకుని సిన్నబుచ్చుకోమను."

అది నవ్వాలో ఏడవాలో తెలియక నన్ను పట్టుకుని నిలబడింది. ఆ రోజు మధ్యాహ్నం అది మళ్ళీ ఆఫీసుకి వెళ్ళలేదు.

నాకు తెలుసు, రిటైరయ్యాక ఇంట్లో నీకు ఊపిరాడలేదు. ఫ్యాను విప్పావు, మిక్సీ విప్పావు, శుభ్రంగా తిరుగుతున్న గ్రైండరు కూడా విప్పి హాలంతా పరిచావు. నేను గొణుగుతూ ఆ మరల మధ్యలోంచి అడుగులేసుకుంటూ తిరిగేదాన్ని. నీకు నా మొహం కనిపించింది గానీ గొణుగుడు వినబడలేదు. వినబడి ఉంటే తెలిసేది, అందులో కోపం సగమే అని. నువ్వేమో ఇంటికి అడ్డమైపోయానని అనుకున్నావు. పెట్టె సర్దుకున్నావు. నేను ఆపలేదు. ఎలా ఆపాలో నాకు తెలియలేదు.

ఎందుకు తెలియలేదో మొన్నటి నుంచి ఆలోచిస్తున్నాను. నీకు చెవులు పోయాక నేను నీతో అరిచి చెప్పగలిగినవే మాట్లాడాను బావా. గ్యాసు అయిపోయింది. కరెంటు బిల్లొచ్చింది. పాస్టరుగారు రమ్మన్నారు. ఇవన్నీ వీధంతా వినేలా అరిచినా ఫరవాలేదు. కానీ గడ్డం నెరిశాక నువ్వు ఇంకా బాగున్నావని ఎలా అరవను? గోపాలపట్నం మార్కెట్టు మొత్తం వినదూ? స్టెఫీ మొదటి జీతంతో నీకు చొక్కా కొన్న రోజున నీ పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాల్సింది ఎంతో ఉండింది. వాన పడితే ఒక మాట, నిద్ర పట్టకపోతే ఒక మాట. ప్రేమగా చెప్పే మాట మెల్లగానే చెప్పాలి. మెల్లగా చెప్తే నీకు వినబడదు. అలా ఒక్కొక్కటే మింగేస్తూ వచ్చాను. అందరి మాటలూ నీకు మోసుకొచ్చి పడేశాను, నాది ఒక్కటీ చెప్పలేదు. ఈ ఒక్కటి నీ అనుమతి లేకుండా బయటపడింది. నాకు నువ్వు కావాలి. సాయానికి కాదు, స్టెఫీ ఉంది. పెళ్ళి సంబంధాలు చూడటానికీ కాదు, దానికి అదే చూసుకుంటుంది. ఉత్తినే, నా పక్కన ఉండటానికి.

ఉండాలనే నీకు అనిపిస్తే మేనేజరు గది నీ వర్క్‌షాపు పక్కనే కదా, నువ్వే వెళ్ళి చెప్పుకో. నేను అలగను అని రాద్దామనుకున్నాను. అలుగుతాను. అయినా ఉత్తరాలు మానను.

ఇవాళ గోపాలపట్నం వెళ్ళి చర్చిలో మన బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చున్నాను. నీకు గుర్తుందా, పాట అయిపోయి అందరూ కూర్చున్నాక కూడా నువ్వొక్కడివే కళ్ళు మూసుకుని ఇంకో చరణం పాడేసిన రోజు? పిల్లలు నవ్వారు. నేను నీ చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెట్టాను. ఇంటికొచ్చాక నీకు కోపమొస్తుందనుకున్నాను. నువ్వు మాత్రం "ఎవులు పాడుతున్నారో నాకు తెలీదు పుష్పా. నా గొంతొక్కటే నాకు గుండెల్లో వినపడతాది" అన్నావు.

అందుకని ఒక పని చెయ్యి బావా. గదిలో నీతో ఉండేవాళ్ళంతా డ్యూటీకి వెళ్ళాక తలుపు దగ్గరగా వేసుకో. గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఈ కింద రాసిన ఒక్క మాటా పైకి చదువు. అరవకు. నేనెలా అంటానో అలా, మెల్లగా చదువు.

బావా, ఇంటికొచ్చీ.

ఇట్లు,
నీ మరదలు, నీ స్టెఫీ తల్లి,
పుష్ప